తనిఖీ తలుపు

ఉదయగిరిలో మోటారు బండ్లు పరీక్ష చేసే రోజంటే కొత్తల్లుడు వచ్చినంత హడావుడి. కోటిలింగం శెట్టి బస్సుల కొట్టం ముందు కల్లాపి చల్లారు. బస్సుల మూతులకు పసుపూ కుంకుమా పెట్టారు. డ్రైవర్లు ఉతికిన చొక్కాలు తొడుక్కున్నారు. ఏడాదికి ఆ ఒక్కరోజే హారన్లు మోగుతాయి, ఆ ఒక్కరోజే బ్రేకులు పడతాయి. మర్నాటి నుంచి హారన్ పని క్లీనరు గొంతు చూసుకుంటుంది, బ్రేకు పని దేవుడు చూసుకుంటాడు.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఐదారేళ్లు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క, బొగ్గు గ్యాసుతో నడపడానికి బస్సుల వెనక పొయ్యిలు బిగించారు. పొయ్యికి అడ్డమని వెనక తలుపు తీసేసి, ఆ జాగాలో చెక్కలు పెట్టి మేకులు కొట్టారు. తర్వాత పెట్రోలు వచ్చింది, పొయ్యిలు పోయాయి, మేకులు మాత్రం పోలేదు. తలుపుంటే టిక్కెట్టు కొననివాళ్లు వెనక నుంచి దిగి పారిపోతారని శెట్టి భయం. ప్రమాదం వస్తే జనం దిగడానికి వెనకో తలుపు ఉండి తీరాలని సర్కారు రూలు. పాము చావకుండా, కర్ర విరగకుండా శెట్టి ఒక ఉపాయం పన్నాడు. తన రెండు బస్సులకూ కలిపి ఒకే ఒక్క మంచి తలుపు చేయించి అటక మీద దాచాడు. తనిఖీ రోజున దాన్ని దించి మొదటి బస్సుకు బిగిస్తారు. ఇన్‌స్పెక్టరు చూసి కాఫీకి వెళ్లగానే ఊడదీసి రెండో బస్సుకు బిగిస్తారు. సాయంత్రానికి తలుపు మళ్లీ అటకెక్కుతుంది. కొట్టంలో అందరూ దాన్ని తనిఖీ తలుపు అనేవారు, దేవుడి సామాను గురించి మాట్లాడినంత మర్యాదగా.

కొత్త బ్రేకిన్‌స్పెక్టరు రంగనాథానికి ఈ సంగతి తెలియదు. బండ్లు పరీక్ష చేసే అధికారిని ఆ వైపు జనం అలాగే పిలుస్తారు. మద్రాసులో చదువుకుని నెల్లూరుకు వచ్చి నెల కూడా కాలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సొంత మామగారే ఆయన గురించి అనేవాడు. బంగళాలో కూర్చుని సంతకాలు గీకడం ఆయనకు గిట్టదు. బండి కిందికి దూరాలి, చేతులకు మసి అంటాలి. మనిషి మంచివాడే. కాకపోతే తన మంచితనం మీద తనకే కాస్త నమ్మకం ఎక్కువ.

మొదటి బస్సు మధ్యాహ్నానికి అయిపోయింది. తలుపు చక్కగా తెరుచుకుంది. దాని లోపలి వైపు సుద్దముక్కతో టిక్కు పెట్టి, కాగితం మీద సంతకం చేసి, శెట్టి ఇంట్లో కాఫీ తాగి వచ్చాడు. వచ్చేసరికి కొండ మీది కోట కనిపించకుండా మబ్బు దిగింది. పట్టపగలే కొట్టంలో చీకటి పడింది.

రెండో బస్సు కొత్త నీలిరంగుతో మెరిసిపోతోంది. రంగనాథం కిందికి దూరి లాంతరు పైకెత్తాడు. పైన బాడీ కొత్తదేగాని కింది ఇనుప చట్రం పాతది. దాని సందుల్లో సన్నటి ఇసుక గడ్డకట్టి ఉంది. వేలితో గీకితే తడిగా వచ్చింది. చాలా రోజులుగా అక్కడ వాన పడలేదు. వేలు వాసన చూసుకుంటే ఏటి బురద కంపు.

"ఈ చట్రం ఎక్కడిది శెట్టిగారూ?" అని అడిగాడు బయటికి వచ్చి.

"ఇనుము పాతది సార్. పాత ఇనుమే గదా గట్టిది," అన్నాడు శెట్టి నవ్వుతూ. పక్కనే ఉన్న డ్రైవరు పెంచలనరసయ్య నవ్వలేదు. తల పక్కకు తిప్పుకున్నాడు.

రంగనాథం వెనక్కి నడిచాడు. వెనక తలుపు మీద సుద్దతో టిక్కు ఉంది. తను పెట్టిన టిక్కే. తుడవడం మరిచారు! ఆయనకు ఒళ్లు మండిపోయింది. కేకలు వేయకుండా, పంటి బిగువున కోపం అణుచుకుని, వాళ్లకు బుద్ధి చెప్పాలనుకున్నాడు.

"నేను లోపల కూర్చుంటాను. మీరు బయట నుంచి తలుపు వేయండి. లోపల నుంచి నేనే తీసుకుని దిగుతాను. అంతవరకూ ఎవరూ దీనిమీద చెయ్యి వేయకూడదు. నేను బాదినా సరే, అరిచినా సరే. ప్రమాదంలో బయట నుంచి తీసేవాడెవడు? ఎవరైనా తీశారో, ఈ బండి రోడ్డెక్కదు."

"సార్," అన్నాడు నరసయ్య మెల్లగా. "వాన వచ్చేట్టుండాది. రేపు తెల్లారినాక చూద్దురు సార్. ఈ బండ్లో ఒంటిగా..."

"నువ్వు నోరు ముయ్యరా," అన్నాడు శెట్టి.

రంగనాథం ముందు తలుపులోంచి ఎక్కి, సీట్ల మధ్య సందులో నడిచి వెనక్కి చేరాడు. వెనక తలుపు ధడాలున మూసుకుంది. అదే క్షణంలో వాన మొదలైంది. సీట్లు తడుస్తాయని బయటివాళ్లు కిటికీల ఊచల మీదుగా టార్పాలిన్లు దించేశారు. కొత్త రంగు వాసన, తోలు వాసన, చీకటి. ముందు తలుపు దగ్గర మాత్రం పలచని వెలుతురు మిగిలింది.

ఆయన తలుపు తడిమాడు. గడియ తగల్లేదు. పైన లేదు, కింద లేదు. అంతా నున్నటి చెక్క. సంగతి అర్థమై గట్టిగా నవ్వాడు. హడావుడిలో తలుపు తిరగేసి బిగించారు, అందుకే లోపల పెట్టిన టిక్కు బయట కనిపించింది! గడియ బయటికి పోయింది. దొంగలు దొరికిపోయారు. ఇక చేయాల్సిందేముంది, వచ్చినదారినే ముందు నుంచి దిగి బండి పనికిరాదని రాసిపారేయడమే.

వెనక్కి తిరిగాడు. సందులో ఎవరో నిలబడి ఉన్నారు.

క్లీనరు అనుకున్నాడు. "ఎవరది? జరుగు," అన్నాడు.

జరగలేదు. చెయ్యి చాపి నెట్టబోయాడు. అరచేతికి ముతక గొంగడి తగిలింది. నీళ్లోడుతున్న గొంగడి. ఒక్కసారిగా తడిసిన ఉన్ని వాసన గుప్పుమంది. దాని వెనక ఇంకో గొంగడి. దాని వెనక ఇంకెవరిదో భుజం, చల్లగా. ఇటూ అటూ ఖాళీ సీట్లు కిర్రుమన్నాయి. ఎక్కడో కాళ్ల దగ్గర మేకపిల్ల తుమ్మింది.

ముందు తలుపు దగ్గరి వెలుతురు వైపు చూశాడు. దానికి అడ్డంగా ఒక తల లేచింది. ఇంకో తల లేచింది. సీట్లలోంచి ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నట్టు... వెలుతురు ముక్కలు ముక్కలుగా ఆరిపోయింది.

రంగనాథం వెనక తలుపు మీద పడ్డాడు. రెండు చేతులతో బాదాడు.

"నరసయ్యా! తలుపు తియ్యి!"

వాన చప్పుడులోంచి శెట్టి గొంతు స్పష్టంగా వినిపించింది. "తీయబాకండ్రా! బాదినా తీయొద్దని సారే చెప్పినాడు గదా!"

"పరీక్ష కాదు! నిజంగానే చెప్తున్నాను! తియ్యండి!"

"చూసినారా, ఎట్టా పరీక్ష పెడతా ఉండాడో," అన్నాడు శెట్టి. ఎవరో నవ్వారు కూడా.

తాను తవ్విన గోతిలో తానే పడడం అంటే ఏమిటో ఆ మంచి మనిషికి అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. మళ్లీ బాదాడు. ఈసారి చప్పుడు ఎక్కువ వచ్చింది. ఆయన చేతుల పక్కన ఇంకెవరివో చేతులు... తల పైన చేతులు... మోకాళ్ల దగ్గర చిన్న చేతులు... అన్నీ ఆ ఒక్క తలుపునే బాదుతున్నాయి. వీపు మీద బరువు పెరిగింది. చెంప చెక్కకు అదుముకుపోయింది. పాదాలకు చల్లగా నీళ్లు తగిలాయి. మోకాళ్ల దాకా వచ్చాయి. బండి నిలబడ్డచోటే మెల్లగా ఒక పక్కకు ఒరిగింది.

చెవి పక్కనే గుసగుసలు.

"తియ్యి సామీ..."

"బిడ్డలుండారు సామీ..."

"తియ్యి..."

ఊపిరి ఆడలేదు. నోట్లోకి ఇసుక వచ్చింది. అప్పుడు ఆయన ఎడమచేతిలోకి ఒక చిన్న చెయ్యి దూరింది. ఐదారేళ్ల పిల్ల చెయ్యి. నీళ్లలో నాని ముడతలు పడి ఉంది.

"నన్ను దించు," అంది.

"దించుతాను," అన్నాడు రంగనాథం. ఏమంటున్నాడో ఆయనకే తెలియదు. "నా చెయ్యి వదలకు. నేను దించుతాను."

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. బయట గడియ లాగిన చప్పుడు. తలుపుతో పాటు ఆయన బురదలోకి బోర్లా పడ్డాడు.

కొట్టం చూరు కింద నరసయ్య ఒళ్లో తల పెట్టుకుని రంగనాథం కళ్లు తెరిచేసరికి వాన తగ్గింది. లాంతరు వెలుగులో చూస్తే బండి లోపల నేల పొడిగా ఉంది. ఆయన మాత్రం రొమ్ము దాకా తడిశాడు. శెట్టి దూరంగా నిలబడి గొణుగుతున్నాడు: "వాడు తీసినాడు సార్, నేను తీయొద్దనే చెప్పినా."

నరసయ్య ఎవరికీ వినబడకుండా, వంగి చెప్పాడు.

"పోయిన ముసురులో సార్... సంత నించి గొర్రెలోళ్లు ఎక్కినారు, పెళ్లాం బిడ్డల్తో, జీవాల్తో. ఏటి చప్టా మీద నీళ్లు తోసినాయి. బండి ముందు తలుపు పక్కకే ఒరిగింది. నేను నా పక్క నించి దూకినా. వెనక చెక్కల మీద బాదినారు సార్. నీళ్లు టాపు మీదికి వచ్చిందాకా బాదినారు. గట్టున నిలబడి విన్నా." నీలిబండి వైపు చెయ్యి చూపాడు. "ఆ బండి చట్రమే సార్ ఇది. మీరు బాదినంతసేపూ ఓర్చుకున్నా. ఆడబిడ్డ ఏడిచింది. ఇంక నా చేత గాలా."

రంగనాథం లేచి కూర్చున్నాడు. నీలిబండి రోడ్డెక్కడానికి వీల్లేదని అక్కడే ఆర్డరు రాసిచ్చాడు. కుడిచేత్తో రాశాడు. ఎడమచెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. ఆయన బస చేసిన బంగళా వాచ్‌మన్ వేణ్ణీళ్లు కాచి పోశాడు, నూనె రాశాడు. వేళ్లు విడలేదు. పిడికిలి మూసినట్టు లేదు, దేన్నో పట్టుకున్నట్టు మధ్యలో కొంచెం ఖాళీ ఉంది. జ్వరంతో అలాగే పడుకున్నాడు.

తెల్లారి నెల్లూరుకు పోయే బస్సు ఒక్కటే. తను నిన్న సంతకం చేసిన మొదటి బస్సు. ఎక్కబోతూ వెనక్కి వెళ్లి చూశాడు. తలుపు లేదు. అడ్డంగా చెక్కలు, కొత్తగా కొట్టిన మేకులు. ఆపించాలంటే ఆయన ఒక్క మాట చాలు. కాని ఆపితే ఆ ఊళ్లో ఇంకో రాత్రి ఉండాలి. భయం ఎంత పెద్ద ఉలిపికట్టెనైనా ఊరి దారికి తెస్తుంది. తల వంచుకుని ఎక్కాడు.

బస్సు కిక్కిరిసి ఉంది. అనుమసముద్రంపేట దర్గాకు పోయేవాళ్లు, ఆత్మకూరు సంతకు గంపలు మోసుకుపోయేవాళ్లు. జనం నెట్టుకుంటూ నెట్టుకుంటూ ఆయనను చివరి సీటు మూలకు చేర్చారు. వీపుకు చెక్కలు ఆనుకున్నాయి. ముందు తలుపు కనిపించడంలేదు. ఆత్మకూరు దాటితే చాలు, నెల్లూరు చేరితే చాలు అని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. ఇంటికి పోయి భార్య ఆదిలక్ష్మమ్మ ముఖం చూస్తే ఈ పీడ వదిలిపోతుందనుకున్నాడు. ఎదుటివాళ్ల మోకాళ్ల మధ్య ఆయన పిడికిలి వేలాడుతోంది.

రాత్రంతా పైన వాన పడినట్టుంది. చప్టా రాకముందే ఏటి హోరు వినబడింది. డ్రైవరు వేగం తగ్గించాడు. జనం మధ్యలోంచి కండక్టరు పాకుతున్నట్టుగా వచ్చాడు. కొత్తవాడు, ఆత్మకూరు కుర్రాడు. ఆయనెవరో ఎరగడు.

"నెల్లూరు. ఒకటి," అన్నాడు రంగనాథం.

కండక్టరు టిక్కెట్టు చించబోయి ఆగాడు. ఆయన పక్కన, కిందికి చూశాడు. నవ్వాడు.

"నెల్లూరంటారేంది సార్? ఎక్కేటప్పుడు పాప వేరే చెప్పిందే."

రంగనాథం తన పిడికిలి వైపు చూశాడు.

"ఏట్లో దిగతామని చెప్పింది. ఇద్దరూను," అంటూ కండక్టరు ఒక ఫుల్లు, ఒక ఆఫు టిక్కెట్టు చించి, ఆయన కుడిచేతిలో పెట్టి, ముందుకు తిరిగిపోయాడు.

బస్సు ముందు చక్రాలు నీళ్లలోకి దిగాయి. రంగనాథం ఎడమచేతిలో చిన్న వేళ్లు బిగుసుకున్నాయి.