పళ్ల మధ్య సీసం

కాఫీ గ్లాసు కింద పెట్టి అత్తగారు రోజూ అనే మాటే అంది.

"ఇంకో డాక్టరుకు చూపించుకోవే. ఎదురింటావిడ కోడలికి రెండో కాన్పు కూడా అయిపోయింది."

"చూపించాం అత్తయ్యా. ఈసారి నన్ను కాదు, మీ అబ్బాయిని."

"వాడికేం రోగం? గుండ్రాయిలా ఉన్నాడు!"

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న కొడుకు ఆగిపోయాడు. అతనూ తండ్రీ లారీ రేడియేటర్లు బాగుచేస్తారు. ఒక చేత్తో మంట, ఒక చేత్తో రేడియేటరు. అతుకు వేసే సీసపు తీగ పళ్ల మధ్య. ఆ ఒడుపు తండ్రి నేర్పిందే. మూడో చెయ్యి అంటాడాయన.

"నా రక్తంలో సీసం బాగా చేరిందమ్మా. మగ హార్మోను ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. సీసం వల్లే అయ్యుంటుందన్నాడు డాక్టరు."

"నీ పెళ్లాం నేర్పిన మాటలా ఇవి? తన లోటు నీ నెత్తిన రుద్దుతోందా?"

"దాన్నెందుకంటావు? పొగ పీల్చినా, ఆ చేతులతో తిన్నా ఒంట్లో చేరుతుందట. మనం ఏకంగా నోట్లోనే పెట్టుకున్నాం."

వరండాలో పేపరు చదువుతున్న తండ్రి లోపలికి వచ్చాడు.

"సీసం ఒంట్లో చేరుతుంటే నొప్పేమీ ఉండదా?"

"ఉండకపోవచ్చు నాన్నా. హార్మోను తయారుచెయ్యమని మెదడు కబురు పంపుతుందట. కింద బీజాల్లోని కణాలు అందుకుంటాయట. సీసం ఆ రెండిటినీ చెడగొడుతుంది. ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది."

"కంటికి కనపడదు కదరా! ఇంత మనిషిని లోపల్నుంచి ఆపేస్తుందా?"

తండ్రి తన అరచేతులు చూసుకున్నాడు.

"నువ్వు పుట్టాకే నేను ఈ పనిలోకి దిగాను," అన్నాడు.

అత్తగారు చటుక్కున ఆయన వైపు తిరిగింది. కొడుకు తర్వాత ఆమెకు మళ్లీ కడుపు పండలేదు. ఒంటి పిల్లాడి తల్లివని ఆవిడ అత్తగారు బతికున్నన్నాళ్లూ సాధించింది.

"అయితే అప్పుడు కూడా..."

"తెలియదు. నన్నెవరూ పరీక్ష చేయలేదు."

ఆవిడ గోడ పట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"సీసానికి దూరంగా ఉంటే హార్మోను మళ్లీ పెరగొచ్చట అత్తయ్యా," అంది కోడలు. "ఖాయమని మాత్రం అనలేదు. కొన్నాళ్లు ఆగి చూడమన్నారు."

"వాడి ఒంట్లో ఇంకా అంత శక్తి ఉందా?"

"ఉండొచ్చన్నారు."

అత్తగారు కళ్లు తుడుచుకుంది. మళ్లీ నిండాయి.

"నన్నన్న మాటలే నిన్నూ అన్నానే తల్లీ. ఒక్కటీ వదల్లేదు."

కోడలు వచ్చి అదే బల్ల మీద, ఆవిడ భుజానికి ఆనుకుని కూర్చుంది.