ఎడమవైపు వాలిన కుట్టు

పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే ఆ ఇంట్లో నాన్నకి ఊలు గ్లవుజులు కావాలి. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మొదలైన కీమో తెచ్చిపెట్టిన చిక్కు అది. చల్లటిది ఏది తగిలినా వేళ్ళకి కరెంటు కొట్టినట్టే! నోటికేమో ఏం తిన్నా ఇనుప చెంచా నాకినట్టుంటోంది.

"ఏవండీ, పాలు నేను తీస్తాగా! మీకెందుకా సాహసాలు?" అని అమ్మ గోల.

"ఈ ఎర్ర గ్లవుజుల్లో ఎవరైనా చూస్తే దొంగతనానికొచ్చాననుకుంటారే," అన్నాడు నాన్న చేతులు ఊపుతూ.

"మన ఫ్రిజ్‌లో ఏముంది నాన్నా దోచుకోడానికి? సగం నిమ్మకాయ!" అంది కూతురు.

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే కూతురు ముందుగది వైపు ఓ చూపు విసిరింది. ఆ గదే నాన్న టైలర్ షాపు. అక్కడ టేబుల్ మీద, నిన్న మధ్యాహ్నం తను విప్పి మళ్ళీ కుట్టిన ప్యాంటు మడతపెట్టి ఉంది.

ముప్ఫై ఏళ్ళుగా నాన్నది ఒకటే మాట: మిషను ఎవడైనా తొక్కుతాడు, అంచు చేత్తో కుట్టేవాడే టైలరు. జబ్బు చేశాక కత్తిరింపులూ మిషనూ కూతురికి అప్పజెప్పాడు గానీ, అంచులు మాత్రం వదల్లేదు. పొద్దున రెండు గంటలు కిటికీ పక్కన కూర్చుని కుడితేనే ఆయనకి ఆ రోజు బతికినట్టు.

రెండు నెలల క్రితం ఓ రోజు ఆయన కుట్టిన అంచు చూసి కూతురు అదిరిపడింది. తాగినవాడి నడకలా వంకర్లు! ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి. నాన్న భోంచేసి కునుకు తీస్తుంటే గబగబా విప్పేసి తనే కుట్టేసింది. అమ్మ గుమ్మంలో కాపలా. ఆ రోజు నుంచి రోజూ అదే పని.

పదిన్నరకి పాటల మాస్టారు వచ్చాడు, పోయిన వారం తీసుకెళ్ళిన గోధుమరంగు కోటు చంకలో పెట్టుకుని.

"టైలర్ గారూ, చేతులు ఒక్క అర అంగుళం తగ్గించాలండీ. హార్మోనియం పెట్టె వాయిస్తుంటే వేళ్ళ మీదకొచ్చేస్తోంది."

"దానిదేముంది మాస్టారూ, రెండ్రోజుల్లో ఇచ్చేస్తా," అంటూ నాన్న కోటు చేతి అంచు తిరగేశాడు. కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. ఇంకోసారి చూశాడు. మాస్టారు మెట్లు దిగి వెళ్ళాక లోపలికి కేకేశాడు.

"పుర్రచెయ్యీ, ఇలా రా."

ఎడమచేతివాటం కూతురికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరది. చిన్నప్పుడు తన పక్కన కాదు, అద్దంలో బొమ్మలా ఎదురుగా కూర్చోబెట్టి కుట్టు నేర్పాడు. అందుకే నాన్న కుట్టు కుడివైపుకి వాలితే, కూతురిది అచ్చం అలాగే ఎడమవైపుకి వాలుతుంది. విప్పి కుట్టే కంగారులో ఆ సంగతే మర్చిపోయింది పిచ్చిది!

"ఈ అంచు ఎవరు కుట్టారు?"

"నువ్వే కదా నాన్నా..."

"నా కుట్టు నాకు తెలీదా? ఎన్నాళ్ళ నుంచి?"

అమ్మ తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. "దాన్నేమీ అనకండి. మీరు బాధపడతారని..."

"అంటే నీకూ తెలుసన్నమాట! ఇద్దరూ కలిసి నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి ఆడిస్తున్నారా?" కోటు టేబుల్ మీద విసిరాడు నాన్న.

"ఆడించడం కాదు నాన్నా! అంచు కుట్టినప్పుడే నీ మొహంలో కాస్త కళ కనిపిస్తోంది. అది కూడా పోతే ఎలా అని..." అంది కూతురు.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. కోపం ఎటు పోయిందో! తన వేళ్ళని తనే పరాయివాళ్ళ వేళ్ళలా చూసుకున్నాడు.

"సూది గుచ్చుకుంటే నెత్తురొచ్చేదే తల్లీ, నొప్పొచ్చేది కాదు. గుడ్డ ముట్టుకుంటే నూలో సిల్కో తెలిసేది కాదు. పని పాడైందనే అనుకునేవాణ్ణి. తీరా సాయంత్రం లైటు వెలుగులో పైపైన చూస్తే కుట్టు తిన్నగా ఉండేది. సరే, ఇదంతా నా భయమేలే అనుకున్నా. డాక్టరమ్మ ప్రతిసారీ అడుగుతుంది, వేళ్ళెలా ఉన్నాయి, గుండీలు పెట్టుకోగలుగుతున్నారా అని. నేనేమన్నానో తెలుసా? కోట్లకి అంచులు కుడుతున్నానమ్మా అన్నా, గొప్పగా. ఆవిడ సరేనని మందు ఏమీ తగ్గించకుండా అంతే ఎక్కించేది."

కూతురు టేబుల్ మీది కోటు వైపు చూసింది. దయ అనుకుని తను వేసిన ప్రతి కుట్టూ డాక్టరమ్మ కళ్ళకి గంతలు కట్టిందా!

"గుండీలు... రోజూ నేనే పెడుతున్నాను కదండీ," అంది అమ్మ నెమ్మదిగా. "మీరు త్వరగా తెమలరని విసుక్కున్నట్టు నటిస్తూ."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంట్లో ముగ్గురే. ముగ్గురూ దొంగలే. కూతురు ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని ఆ మొద్దుబారిన వేళ్ళని చెంపకి ఆనించుకుంది. "నీ చేతులు నేనే పాడుచేశాను నాన్నా."

"ఛ, ఊరుకో. అబద్ధమాడింది నా నోరు, నీ చెయ్యి కాదు," అన్నాడాయన, కూతురి కన్నీళ్ళ తడి కూడా వేళ్ళకి సరిగ్గా తెలియక. తర్వాత కళ్ళు తుడుచుకుని, "రేపు తొమ్మిదో డోసు కదా. ఓ గుడ్డముక్కా, సూదీ ఇవ్వు. సూదిలో దారం నువ్వే ఎక్కించు," అన్నాడు.

మర్నాడు నాన్న చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు! రెండో గుండీ మూడో కాజాలోకి పోయింది. అమ్మ చెయ్యి ముందుకొస్తే, "ఉండవే, ఈ ఒక్క రోజూ," అన్నాడు. వంకర చొక్కాతోనే ఆస్పత్రికి వెళ్ళి, వంకర అంచు కుట్టిన గుడ్డముక్క డాక్టరమ్మ ముందు పరిచాడు.

"ఇదమ్మా నా అసలు రిపోర్టు."

ఆవిడ గుడ్డని చాలాసేపు చూసింది. "ముందే చెప్పాల్సింది మీరు. సరే, నరాల్ని పీడిస్తున్న ఆ ఒక్క మందూ ఆపేద్దాం. మిగతాది కొనసాగుతుంది. స్పర్శ మెల్లగా రావొచ్చు, నెలలు పడుతుంది. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను."

సాయంత్రం కూతురు కిటికీ పక్కన మాస్టారి కోటు పట్టుకుని కూర్చుంది. ఎదురుగా నాన్న, ఒకప్పుడు కుట్టు నేర్పిన రోజుల్లో లాగే.

"నాన్నా, నీలా కుడివైపుకి వాల్చి కుట్టనా? ప్రయత్నిస్తే వస్తుంది."

"వద్దు. నీ కుట్టు నీలాగే ఉండనీ. ఎవరు కుట్టారో చూడగానే తెలియాలి."

చలిగాలికి మెడ దగ్గర తడుముకుంటూ, ఎన్నాళ్ళకో మొదటిసారి తనంతట తానే పిలిచాడు.

"ఏమే, ఈ పై గుండీ నాకు రావట్లేదు. కాస్త పెట్టి వెళ్ళవూ?"

వంటింట్లోంచి అమ్మ ఈసారి విసుగు నటించకుండా వచ్చింది.