ముళ్లకంప మీద సాలెగూడు

1949 కార్తీక మాసం. గచ్చిబౌలి నుంచి సుల్తాన్ బజారు దాకా నడిచి వచ్చిన కిష్టమ్మ, కుర్చీలో కూర్చోలేదు. డిటెక్టివ్ రామచంద్రం ముందు నిలబడే చెప్పింది.

"మా ఆయన పోచయ్య మంచి నక్షత్రంల పోలేదయ్యా. అందుకని ఎవరూ అడుగువెట్టకుండ ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టిన్రు. తలుపుకు ముళ్లకంప అడ్డంవెట్టి నేను అవ్వగారింటికి పోయిన. మొన్న ఇల్లు తెరిస్తే సందుగ పెట్టెల భూమి పట్టా లేదు. నేనే దాసిన్నంటున్నరు."

"ఎవరు?"

"మా మరిది ఎల్లేశం. పట్టా తన పేరు మీదనే ఉండె, అందుకే నేను దాసిన్నంటడు; అది చూపెట్టకుంటే భూమి తనదే అంటడు. ఊరి పెద్దలు సోమవారం దాకనే గడువిచ్చిన్రు. ఆ రెండెకరాలు పోతే నేనెట్ల బతకాలె?"

కొంగుముడి విప్పి ఒక ఫోటో బల్ల మీద పెట్టింది. ఇల్లు తెరవడానికి ముందురోజు ఎల్లేశం పట్నం నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించి తీయించాడట. తలుపుకు ముళ్లకంప, కంపకూ ద్వారబంధానికీ మధ్య సాలెగూడు, నడుమ పెద్ద సాలీడు. ఇంత గూడు చెదరకుండా ఉందంటే ఆరు నెలలుగా ఎవరూ లోపలికి పోలేదని, కాగితం కిష్టమ్మే ముందుగా తీసేసిందని పెద్దలు తేల్చేశారు.

"పాడువెట్టిన ఇంటికి బూజు పట్టకుంటదా సార్?" అంది సహాయకురాలు సీతాబాయి.

రామచంద్రం భూతద్దం ఆమె చేతికిచ్చాడు. "ఇది బూజేనా? బాగా చూడు."

గూడు గుండ్రంగా, చక్రంలా ఉంది. దుమ్ము రవ్వంతైనా లేదు. సాలీడు తలకిందులుగా, కాళ్లు రెండేసి జతచేసి ఇంటూ గుర్తులా చాచి ఉంది. ఆ కాళ్ల వెంట తెల్లటి దారం వంకరటింకరగా కుట్టినట్టుంది.

"ఇంటి మూలల్లో ఉండేది కాదిది, తోట సాలీడు. పద, గచ్చిబౌలి పోదాం."

ఎల్లేశం జంకలేదు. "ఆ ఇంట్లకు నేనెందుకు పోత? ఎండకాలంల దూరంకెళ్లి చూసిన. గదే గూడు, గదే పురుగు."

రామచంద్రం ఆ మాట రాసుకుని ఊరుకున్నాడు. సాయంత్రం పటేల్ పెంటయ్యను వెంటబెట్టుకుని ఊరి పక్క ఒక తోట కంచె దగ్గరికి వెళ్లి, అలాంటిదే ఒక సాలీడు గూడును కర్రతో పూర్తిగా తెంపేశాడు. ఈయనకు మతి పోయిందేమోనని పటేల్ సీతాబాయి వైపు చూశాడు. ఆమె మాత్రం మా సార్ ఊరికే ఏదీ చేయరన్నట్టు నిలబడింది.

తెల్లవారి అందరినీ ఆ కంచె దగ్గరికే పిలిపించాడు. అక్కడే కొత్త గూడు, నడుమ అదే సాలీడు.

"నిన్న పొద్దూకినప్పుడు తెంపితిమి గదా!" పెంటయ్య నోరు తెరిచాడు.

"ఈ జాతి గూడల్లడానికి ఒక్క రాత్రి చాలు పటేల్. ఆరు నెలల గూడైతే దుమ్ము కొట్టుకుని నల్లబడేది. ఎవరో ఆ ఇంటి కంప జరిపి లోపలికి వెళ్లారు, పట్టా తీశారు, కంప మళ్లీ పెట్టారు. ఆ మీదటే ఫోటోలోని గూడును సాలీడు అల్లింది. పాడుపెట్టిన ఇంట్లో ఎవరూ అడుగుపెట్టరనే నమ్మకం వల్ల మీరెవరూ అనుమానించలేదు. ఎల్లేశం, నువ్వు ఎండాకాలంలో చూసిన గూడు కార్తీకందాకా ఎట్లా ఉంది?"

"దూరంకెళ్లి... సరిగ కనవడలే."

"సరే. పట్టా పోయిన సంగతి ఇల్లు తెరిచాకే కదా బయటపడింది? దానికి ముందురోజే, ఎవరూ లోపలికి పోలేదని సాక్ష్యం అవసరమవుతుందని నీకెలా తెలిసింది?"

వెనక నుంచి ఎల్లేశం భార్య నీలమ్మ లేచింది. "ఈయన ఆ పాడువెట్టిన ఇంట్లకు పోయొచ్చిన కాన్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు పటేలా" అంటూ ఇంటికి పోయి, బియ్యం గుమ్మిలోంచి మడతపెట్టిన కాగితం తెచ్చి తోడికోడలి చేతిలో పెట్టింది.

పట్టా ఉర్దూలో ఉంది. కిష్టమ్మకు చదువు రాదు. సీతాబాయి దగ్గరికి వచ్చి, "అండ్ల మా ఆయన పేరు ఏడున్నదో జర చూపెట్టు బిడ్డా" అంది.

సీతాబాయి ఆమె వేలు పట్టుకుని పేరు మీద ఆనించింది. దొంగ అని ఊరంతా అన్నప్పుడు కన్నీరు పెట్టని మనిషి, ఆ ఊరి ముందే బోరున ఏడ్చింది. వేలు మాత్రం అక్కడి నుంచి తీయలేదు.