ఈ వారం చదవదగనివి

ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటూ ఫోన్ చూశాను. చూసి నురగ మింగేశాను.

లోహిత అనే అమ్మాయి సినిమాల మీద, సీరియళ్ళ మీద ఇంటర్నెట్‌లో వచ్చే వ్యాసాల్లో వారానికి ఐదు ఏరి తన వెబ్‌సైట్‌లో సిఫారసు చేస్తుంది. అవార్డుల సీజన్‌లో ఎవరికి రావాలి, ఎవరికి అన్యాయం జరిగింది అని అందరూ రాసేవాళ్ళే కాబట్టి ఆ జాబితాకి గిరాకీ ఎక్కువ. మూడేళ్ళుగా బ్లాగు రాస్తున్న నేను అందులో నా పేరు కోసం వెతకని ఆదివారం లేదు. ఆవేళ వచ్చింది. అదీ మొదటి పేరుగా. పైన శీర్షిక మాత్రం 'ఈ వారం చదవదగనివి' అని ఉంది.

మా ఊరు ఐరాల నుంచి తిరుపతికి బస్సులో రెండు గంటలు. అప్పుడే బయల్దేరి, వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రసు పట్టుకుని కొర్లగుంట వెళితే అది లేడీస్ టైలర్ షాపు. వాళ్ళమ్మ గురవమ్మ మిషన్ తొక్కుతోంది. లోహిత పక్కనే లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"నేను ధనశేఖర్. సీరియల్లో కాఫీ కప్పులు మోసే పనిమనిషికి అవార్డు ఎందుకియ్యరని రాసినాను సూడండి, ఆ ధనశేఖర్‌ని."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అంత పెద్ద కళ్ళు నేను ఏ క్లోజప్‌లోనూ చూడలేదు. కోపంలో ఉన్నాను కాబట్టి ఆ సంగతి పక్కన పెట్టాను.

"చదవదగనివి అని ఏసినారే! యాడ బాగలేదో చెప్పండి."

లోహిత లాప్‌టాప్ వైపు చూసింది. ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయి, ఆగి, చున్నీ సర్దుకుంది.

"అవును. బాగలేదు. వచ్చే ఆదివారం రండి, తప్పులన్నీ గుర్తుపెట్టి ఉంచుతా."

"ఇప్పుడే చెప్పండి."

"శానా ఉండాయి. టైం పడతాది."

మళ్ళీ వెళ్ళాను. ఆ వారం శీర్షిక 'చదవదగినవి' అయింది, నా పేరు మాత్రం లేదు. లోహిత నా వ్యాసం ప్రింటు తీసి పెట్టింది. మూడు పేజీల్లో ఒకే ఒక్క ఎర్ర గీత.

"ఈడ కామా ఎక్కువైంది."

"కామా కోసం ఐరాల నుంచి రప్పించినారా?"

"ఇది మొదటి పేజీనే గదా. మిగతావి వచ్చే వారం."

"ఊరికే కూసుంటే ఎట్ల నాయనా, వీటికి హుక్కులు కుట్టు," అని గురవమ్మ నా ఒళ్ళో నాలుగు జాకెట్లు పడేసింది. కుట్టాను. సూది గుచ్చుకున్నప్పుడల్లా లోహిత అటు తిరిగి నవ్వింది.

మూడో ఆదివారం వాన. తడిసి ముద్దయి వెళితే లోహిత తువ్వాలు ఇచ్చి, నా వ్యాసంలో పనిమనిషి గురించి రాసిన పేరా పైకి చదివింది. కాగితం చూడకుండా చదివింది. చదవదగని వ్యాసం ఈమెకి కంఠతా ఎలా వచ్చిందని అడగాలని నాకు తోచలేదు. ఆ గొంతులో నా మాటలు అంత బాగున్నాయి. ప్రేమలో పడ్డానని బస్సెక్కాక తెలిసింది. బాగానే పడ్డాను.

చిక్కల్లా, నా రాత పనికిరాదనే అమ్మాయి మీద ప్రేమ పుట్టడం. నా రాతే నచ్చని మనిషికి నేనేం నచ్చుతాను? వారమంతా కుమిలిపోయి నాలుగో ఆదివారం తెగించి వెళ్ళాను.

"నేను రావడం ఇదే కడసారి. బ్లాగు తీసేస్తా ఉండా. మీకు నచ్చని రాతలు నాకెందుకు?"

ఫోన్ తీసి డిలీట్ మీద వేలు పెట్టబోయాను.

"ఏయ్, ఆగు!" లోహిత లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. కంగారులో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. "అది టైపింగ్ తప్పు! 'దగినవి' అని కొట్టబోయి 'దగనివి' అని కొట్టినా. గ మీదుండే గుడి న మీదికి పోయింది, అంతే! నీది శానా నచ్చిందనే మొదట పెట్టినా."

మిషన్ ఆగింది.

"తిరుపతిలో పుట్టి గుడి యాడుండాలో తెలీదా?" అన్నాను.

"తెలుసు."

"మరి మూడు వారాలు ఎందుకు చెప్పలా?"

ఆమె తల వంచుకుంది. "చెప్పింటే ఆ పొద్దే బస్సెక్కి పోయేవాడివి. మళ్ళా వచ్చేవాడివా?"

డిలీట్ దగ్గర ఆగిన వేలు వెనక్కి తీశాను.

"రాసేది మానినా, ఈడికొచ్చేది మాననులే," అన్నాను.

"రాసేది మానితే రావద్దు."

గురవమ్మ కళ్ళద్దాలు తీసి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. కొలతలు తీసుకుంటోందేమో అనుకున్నాను.

"మీ నాయన ఫోన్ నెంబరు చెప్పు నాయనా."

పేజీలకు పేజీలు రాసే నాకు ఆ పది అంకెలు ఎంతకీ గుర్తు రాలేదు. లోహితే నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, 'నాయన' అని వెతికి, వాళ్ళమ్మకి ఒక్కో అంకె చదివి వినిపించింది. ఒక్క తప్పు కూడా రాకుండా రెండుసార్లు.