చల్లగా కోయవలెను

పెదనాన్నకి మోకాళ్ళ నొప్పి మొదలైందంటే దేశానికి ప్రమాదం వచ్చిందని అర్థం.

ఉదయం పదిన్నరకి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్ మోగింది. ఫోన్ తనకేనని కబురొస్తే ఏజెంటు పరుగెత్తలేదు, చేతులు తుడుచుకుని నింపాదిగా వెళ్ళాడు. పద్నాలుగు నెలలుగా అతను అక్కడ స్లిట్టింగ్ మెషిన్ ఆపరేటరు. మంచమంత వెడల్పున్న గుడ్డ చుట్టల్ని నిలువునా చీల్చి బెత్తెడు చుట్టలుగా చెయ్యడం అతని పని. రోల్స్ కోసే రోల్! హెడ్డాఫీసువాళ్ళు ముచ్చటపడి ఇచ్చారుగానీ ఆ రోల్‌కి డైలాగులు రాయడం మర్చిపోయారు. అనవసరంగా మాట్లాడొద్దన్నారు, అతను అవసరానికి కూడా మానేశాడు. తోటివాళ్ళు పెట్టిన పేరు మౌనవ్రతం. చుట్టూ చుట్టలే తప్ప చుట్టాలు లేని బతుకు. గూఢచారికి గూఢమైతే మిగిలింది, గూడే మిగల్లేదు.

"పెదనాన్నా, ఎలా ఉన్నావ్?"

"ఏం చెప్పమంటావురా! మోకాళ్ళు పట్టేశాయి. రెండూనూ!"

రెండూ అంటే టాప్ సీక్రెట్.

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"మందుల చీటీ పోయిందిరా. ఇరవై రెండు మందులు. మీ ఫ్యాక్టరీలోనే ఎక్కడో ఉందట. పన్నెండింటికల్లా లారీ ఎక్కేస్తుంది."

మందులంటే మనుషులు. దేశంలోనూ దేశదేశాల్లోనూ దొంగ పేర్లతో బతుకుతున్న ఇరవై రెండుమంది ఏజెంట్లు. వాళ్ళలో అతనొకడు. హెడ్డాఫీసు నుంచి ఆ జాబితా కొట్టేసిన విదేశీ ముఠా దాన్ని ఈ ఫ్యాక్టరీ సరుకులో దాచి దేశం దాటిస్తోంది. అది చేరిన రోజున ఇరవై రెండు ఇళ్ళ తలుపులు ఎవరో తడతారు. తీసినవాడికి మళ్ళీ వేసుకునే పని ఉండదు.

"నేనొక్కణ్ణే వెతకాలా?"

"మీ పిన్ని అక్కడే ఉందిగా! గొడుగు తెచ్చుకున్నావా అని అడుగుతుంది. గుర్తుపట్టు."

ఫోన్ కట్టయింది. నిజంగా మోకాళ్ళు నొప్పెట్టే పెదనాన్న ఒకడుంటే ఎంత బాగుండునో అనిపించింది ఏజెంటుకి. అతని బంధువర్గమంతా కోడ్ వర్డులే. ఆ మధ్య ఒక బావ కూడా ఉండేవాడు. పట్టుబడ్డాడు.

మెషిన్ దగ్గర ఫోర్‌మన్ గొంతు మెషిన్‌ని మించి మోగుతోంది.

"ఏవయ్యా మౌనవ్రతం! పెదనాన్నగారు కులాసానా?"

"మోకాళ్ళు."

"అబ్బో, ఒక మాట ఖర్చుపెట్టావే! ఇదిగో, అర్జంటు ఆర్డరు. ఒక పెద్ద చుట్టలోంచి పన్నెండు రోల్సు, ముగ్గురు కస్టమర్లు, మూడు దేశాలు, ఒకటే లారీ. కార్డు చదివి మొదలెట్టు. నేను లోడింగ్ సంగతి చూడాలి."

ఏజెంటు జాబ్ కార్డు చదివాడు. సరుకు: నైలాన్ నేత గుడ్డ. పద్ధతి: షియర్ కట్. కింద ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాశారు: చల్లగా కోయవలెను.

అతను రెండోసారి చదివాడు.

ఆ మెషిన్‌కి మూడు రకాల కోతలు వచ్చు. పల్చటి ప్లాస్టిక్‌కి రేజర్ బ్లేడు. దళసరి కాగితానికి షియర్, అంటే కత్తెరలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరిగే జంట చక్రాలు. నైలాన్ నేతకి మాత్రం వేడి కత్తి. కోస్తూనే అంచుని కరిగించి మూసేస్తుంది కాబట్టి పోగులు ఊడవు. నైలాన్‌ని చల్లగా కోశారా, ఊరు చేరేలోపు చుట్ట కాస్తా చీపురవుతుంది. ఇది ఆ వృత్తిలో మొదటి వారమే తెలిసే సంగతి. ముగ్గురు కస్టమర్లకీ ఒకేసారి మతిపోతుందా? మాటల్లో పిసినారి అయినా అనుమానంలో అతను మహాదాత.

అతని కొలత టేపు మామూలు టేపు కాదు. మీట నొక్కితే ఊదారంగు లైటు వెలుగుతుంది. చుట్ట విప్పుతూ, సరిగ్గా కత్తులు పడబోయే గీతల వెంట ఆ లైటు నడిపించాడు. గుడ్డ మీద దుమ్ములాంటి ఆకుపచ్చ చుక్కలు మెరిశాయి. మొదటి పది మీటర్లలోనే ఉన్నాయి, ఆ తర్వాత లేవు. కత్తి ఒక్కో చుక్కని సగానికి చీలుస్తుంది. సగం ఈ చుట్ట అంచుకి, సగం పక్క చుట్ట అంచుకి. విడివిడిగా ఏ చుట్ట దొరికినా దుమ్మే. అన్నీ ఒకచోట చేర్చి అంచుకి అంచు ఆనిస్తే, పేర్లు!

అంచు చెడకూడదు. అందుకే చల్లటి కోత.

పని ఆపితే లాభం లేదు. ముఠా అదే గుడ్డని మరో మెషిన్ మీద కోయించుకుంటుంది. జాబితా బూడిద కావాలి. అతను వేడి కత్తి స్విచ్ వేశాడు. కత్తి కాగడానికి పన్నెండు నిమిషాలు. అప్పుడుగానీ ఎర్ర దీపం పచ్చగా మారదు. ఆ దీపం మీద టోపీ తగిలించి, కార్డు మీద ఎవరు సంతకం చేశారో చూశాడు.

క్వాలిటీ మేడమ్.

అంతలోనే ఆవిడ రానే వచ్చింది. ఎంత పీచు ఎగిరినా ఒక్క పోగూ అంటని తెల్లకోటు. ఆవిడ నడిచొస్తే గుడ్డ టెన్షన్ చూసుకోవలసిన ఆపరేటర్లు తమ టెన్షన్ చూసుకునేవారు. రోజూ పదకొండింటికి రెండు పేపరు కప్పుల్లో కాఫీ తెచ్చి, ఒకటి అతనికిచ్చి, పది నిమిషాలు తనే మాట్లాడి వెళ్ళేది. ఆ పది నిమిషాల కోసమే అతను మిగతా రోజంతా బతికేవాడు.

"గొడుగు తెచ్చుకున్నారా?" అంది కప్పు అందిస్తూ.

అతని చెయ్యి గాల్లోనే ఆగింది. హెడ్డాఫీసు మనిషి ఆవిడే. సంతకమూ ఆవిడదే.

"మీకు రెండు వైపులా పదునేనన్నమాట."

ఆవిడ నవ్వింది. "పద్నాలుగు నెలల్లో మీరన్న మొదటి పూర్తి వాక్యం. అదీ దెప్పిపొడుపు! కార్డు చూశారా?"

"చూశాను. ఎందుకు చేశారు?"

"మీకంటే ముందు ఆరేళ్ళు ఇలాగే బతికాను. హెడ్డాఫీసు ఎప్పుడు ఫోన్ చేసినా రిపోర్టే అడిగేది. ఆ ముఠావాళ్ళు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఏమడిగారో తెలుసా? భోంచేశావా అని."

"ఇరవై రెండుమందండీ!"

"ఇరవై ఒకటి. మీ పేరు రాయలేదు."

ఆవిడ బ్యాగు తెరిచింది. అందులో రెండు పాస్‌పోర్టులు, వాటి కింద చిన్న పిస్టలు. ఏదీ దాచలేదు. "ఒకటి మీదే. లారీ కదలగానే మనమూ కదులుదాం. రోజూ కాఫీ తాగుదాం. మీరు మాట్లాడకపోయినా ఫరవాలేదు, నేనున్నానుగా. ఊఁ, మెషిన్ స్టార్ట్ చెయ్యండి."

కత్తి కాగడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. చేతిలో ఏ ఆయుధమూ లేదు. ఉన్నది ఒక్కటే, పద్నాలుగు నెలలుగా వాడనిది. నోరు.

"మా గది కిటికీకి ఎదురుగా ఒక గోడ ఉంది," అన్నాడు.

ఆవిడ చెయ్యి బ్యాగు మీదే ఆగింది. "ఏంటి?"

"గోడ మీద పగులుంది. ఆదివారాలు దాన్ని కొలుస్తాను. మూడు సెంటీమీటర్లు పెరిగింది. ఎవరికైనా చెబుదామని..." చొక్కా చెయ్యి ఇంకో మడత పెట్టాడు. "బస్సులో ఎవరైనా టైమెంతని అడుగుతారేమోనని, వాచీ కనబడేలా చొక్కా చెయ్యి మడుచుకుంటాను."

"అడిగారా?"

"అందరికీ వాచీలున్నాయి."

ఆవిడ నవ్వబోయి మానేసింది. అతను ఆగలేదు. పై అంతస్తులో సాయంత్రాలు కుర్చీ జరిపే మనిషి గురించి చెప్పాడు. కుర్చీ చప్పుడు వినబడని రోజు తనకి అన్నం సహించదని చెప్పాడు. పదకొండు కావడం కోసం పొద్దున్నే వాచీని అయిదు నిమిషాలు ముందుకు తిప్పుకుంటానని కూడా చెప్పాడు. కాలయాపనకని మొదలుపెట్టిన మాటలు ఎక్కడ నిజమయ్యాయో అతనికే తెలియలేదు. అబద్ధం ఒక్కటీ దొరకలేదు.

టోపీ కింది నుంచి పచ్చటి వెలుగు జారింది.

అతను మీట లాగాడు. జంట చక్రాలు పైకి లేచాయి, వేడి కత్తులు కిందికి దిగాయి, గుడ్డ కదిలింది. ఒక మీటరు. రెండు. కాలిన నైలాన్ వాసన గుప్పుమంది.

ఆవిడ ముఖం పాలిపోయింది. పిస్టలు బయటికొచ్చింది. రెండో చెయ్యి ఎర్రటి స్టాప్ బటన్ మీదికి వెళ్ళింది.

"అంటే, ఇప్పటిదాకా నా దగ్గర కోతలు కోశారన్నమాట!"

"లేదండీ. కోత ఇప్పుడే మొదలైంది."

అయిదు మీటర్లు. ఆరు. వేలు బటన్ మీదే ఉంది. "ఆ పగులు... నిజంగా కొలుస్తారా?"

"మొన్న ఆదివారం కూడా."

ఏడు. ఎనిమిది. నొక్కితే చాలు, మిగిలిన పేర్లు మిగిలిపోతాయి. ఆవిడ అతని చొక్కా చెయ్యి వంక చూసింది. మోచేతి దాకా మడిచి ఉంది.

"టైమెంతయింది?" అంది.

"పదకొండూ ఇరవై," అన్నాడు అతను. అయిదు నిమిషాలు తీసేసే చెప్పాడు.

పదో మీటరు కత్తుల కింద నుంచి వెళ్ళిపోయింది. ఇరవై ఒక్క పేర్లూ అంచుల్లో కరిగి గట్టిపడ్డాయి.

వాసనకి ఫోర్‌మన్ బొబ్బలు పెడుతూ వచ్చాడు. అతని వెనకాలే ఇద్దరు లారీ హమాలీలు వచ్చారు. వాళ్ళ చేతుల్లో బేడీలు చూశాకగానీ వాళ్ళు లారీకి కాపలా పెట్టిన పెదనాన్న మనుషులని ఎవరికీ తెలియలేదు. ఆవిడ పిస్టలు తనే అందించింది. వెళుతూ వెళుతూ, "కాఫీ చల్లారిపోతోంది, తాగండి," అంది.

అతను తాగాడు. చల్లారిపోయింది.

మధ్యాహ్నం పెదనాన్న ఫోన్ చేశాడు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయన్నాడు, అక్కడే ఉండమన్నాడు, పెట్టేశాడు.

సాయంత్రం ఆఫీసు గుమాస్తా ఒక కవరు తెచ్చిచ్చాడు. పైన అతని దొంగ పేరు, పక్కన 'గారికి' అని ఉంది. జాబ్ కార్డు ధిక్కరించి పన్నెండు రోల్సు అంచులు కాల్చినందుకు మూడు రోజుల్లోగా సంజాయిషీ రాసివ్వాలట. పద్నాలుగు నెలల్లో అతనికి వచ్చిన మొదటి ఉత్తరం అది. ఏజెంటు దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, జవాబుకి ఒక్క కాగితం సరిపోదని ఇంకో నాలుగు అడిగి తీసుకున్నాడు.