రెండో ముద్ద

మనవాడొకడు రాకెట్టెక్కి ఆకాశం చుట్టి వచ్చిన ఎండాకాలం అది. మదనపల్లె బస్టాండులో నేను మాత్రం ఒక పెట్టెను ఎర్రబస్సు ఎక్కించలేక చెమటలు కక్కుతున్నాను.

ఆ పెట్టె సోలార్ కుక్కర్. పైన అద్దం మూత, లోపల నల్లరంగు పూసిన గిన్నెలు. కుప్పం దాకా ఊరూరా తిరిగి ఎండతో అన్నం వండి చూపించడం నా ఉద్యోగం. అదీ మే నెలాఖరు వరకే. బస్సు పైన వేస్తే అద్దం పగులుతుందని పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాను.

పుంగనూరులో ఒకమ్మాయి ఎక్కింది. చేతి సంచిలోంచి అఆల చార్టులు తొంగిచూస్తున్నాయి.

"ఏం సార్, ఈ పెట్టెకు టికెట్ తీసినారా?"

"ఇది గవర్నమెంటు పెట్టె."

"గవర్నమెంటుదైతే కూర్చోవల్లనా? నిలబడి పని చేసేది లేదా?"

బస్సంతా నవ్వింది. నేను పెట్టెను ఒళ్లోకి తీసుకున్నాను.

నాకు మూడు పిచ్చులున్నాయి. రాజకీయం, మిషన్లు, తక్కువ తిండి. పక్కన ఎవరు కూర్చున్నా ఈ మూడూ వాళ్ల చెవిన వేస్తేగానీ నాకు తోచదు. పలమనేరు వచ్చేసరికి ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల గురించి చెప్పడం అయిపోయింది. ఇక రాజకీయం అందుకున్నాను.

"రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తాండారు, సరే. మరి కట్టెలు యాడివి? బియ్యం చవకైతే పొయ్యి చవకైందా? అందుకే ఈ పెట్టె. నిప్పు లేకుండా ఉడుకుతుంది."

"ఎండకు వడియాలు ఎండతాయి సార్. అన్నం ఉడుకుతుందంటే మా బాల్వాడీ పిల్లోళ్లు గూడా నమ్మరు."

ఆమె పేరు అమరావతి. శాంతిపురం బాల్వాడీలో టీచరు. నలభైమంది పిల్లలకు పాఠం చెప్పేదీ తనే, గంజి కాచేదీ తనే. అప్పుడు చూశాను, ఆమె కనురెప్పలు పొగకు ఎర్రబారి ఉన్నాయి. మా అమ్మ కళ్లూ అంతే. ఆకాశంలోకి మనిషిని పంపినా, ఆ కళ్లల్లో పొగను మనం తీయలేకపోయాం.

రాజకీయం ఆపి అన్నాను. "రేపు మీ ఊర్లోనే పెడతా. ఉడక్కపోతే పెట్టె ఆడే వదిలేసి పోతా."

"పెట్టె మాకెందుకు సార్? ఉడక్కపోతే మీరు మాట్లాడేది మానేయండి, అది చాలు."

మర్నాడు పది గంటలకు బాల్వాడీ ముందు పెట్టె తెరిచాను. ఒంటిగంటకు గిన్నె మూత తీస్తే ఆవిరి గుప్పున లేచింది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నా ఒళ్లు జలదరిస్తుంది. అగ్గిపుల్ల గీసింది లేదు, ఊదింది లేదు. కోట్ల మైళ్ల అవతల మండే నిప్పు, గుప్పెడు బియ్యాన్ని వెతుక్కుంటూ శాంతిపురం వచ్చింది! ఒక ముసలమ్మ సూర్యుడికి దండం పెట్టింది. అమరావతి మెతుకు నలిపి చూసి, తలెత్తి ఆకాశాన్ని చూస్తూ నిలబడిపోయింది. ఆ ముఖం చూస్తూ నేను సూర్యుణ్ని మర్చిపోయాను.

వాళ్ల నాయన గంగులప్ప రైతు. ఆ మధ్యాహ్నం నన్ను భోజనానికి పిలిచాడు. రాగి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. ఒక ముద్ద తిన్నాను. అమరావతి రెండో ముద్ద తెచ్చింది. నేను కంచానికి చెయ్యి అడ్డం పెట్టి నా మూడో పిచ్చి విప్పాను.

"మనిషికి ఒక్క ముద్ద చాలు. రెండోది పొట్టకు కాదు, ఆశకు."

మెచ్చుకుంటారనుకున్నాను. గంగులప్ప చిన్నగా దగ్గాడు. అమరావతి ముద్దను తిరిగి గిన్నెలో పెట్టి, "సరే సార్" అంది.

తర్వాత రెండుసార్లు వెళ్తే అరుగు మీదే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మర్యాదకు ఏ లోటూ లేదు. నాకు ఆ మర్యాదే భయం పుట్టించింది.

"నేనేం తప్పు చేసినా?" అని అమరావతిని అడిగేశాను.

"తప్పేం లేదు సార్. మా అవ్వ కాలం నుంచి మా ఇంట్లో ఒక మాట ఉండాది. మొదటి ముద్ద చుట్టానిది, రెండోది ఇంటి మనిషిది. నాయన ఎవరికి పడితే వాళ్లకి రెండోది పెట్టమనడు. మీరు చెయ్యి అడ్డం పెట్టి లెక్చర్ ఇచ్చినారు."

ఒక్క ముద్దతో ఎంత పొదుపు చేశాను! "మళ్లీ పెట్టమని అడగొచ్చా?"

"అది అడిగి పెట్టించుకునేది కాదు." వెళ్లబోతూ ఆగింది. "సంగటి వండలేని పెట్టె మన కొంపకు యాల అంటాండాడు నాయన."

"పెట్టె గురించేనా ఆ మాట?"

"మీరే ఆలోచించండి సార్. మిషన్లంటే మీకు పిచ్చే కదా."

మే ముప్పై ఒకటి. నా ఉద్యోగానికి ఆఖరి రోజు. ఈ రోజు దాటితే శాంతిపురం రావడానికి నాకు సాకు లేదు. తొమ్మిదింటికే గంగులప్ప వాకిట్లో నూకలు ఎసట్లో పోసి పెట్టెలో పెట్టాను. పన్నెండుకు అవి ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి మూత వేశాను. అంతలో మబ్బు వచ్చింది. గవర్నమెంటుతోనైతే వాదించగలను, మబ్బుతో ఏం వాదిస్తాను? నాలుగు చినుకులు అద్దం మీద పడ్డాయి. అమరావతి పరుగున వచ్చి పైట చెంగుతో అద్దం తుడిచింది. ఇద్దరం ఆకాశం చూస్తూ నిలబడ్డాం. ఎంతసేపో తెలీదు. మబ్బు కుప్పం వైపు కదిలింది, ఎండ తిరిగి వచ్చింది.

రెండింటికి మూత తీస్తే రాగుల కమ్మటి వాసన. కానీ సంగటి కెలకాలి. ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో కట్టె. గిన్నె జారింది, చెయ్యి చురుక్కుమంది, పిండి ఉండలు కట్టింది.

"ఒక్కరితో అయ్యేదా ఇది?" అమరావతి కూర్చుని కట్టె లాక్కుంది. "గట్టిగా పట్టుకోప్పా!"

'సార్' అన్న పిలుపు ఎటు పోయిందో! నేను గుడ్డతో గిన్నె బిగించి పట్టుకున్నాను. ఆమె కెలికింది. ఉండలన్నీ కలిసిపోయాయి.

నాకో ముద్ద పెట్టించి, గంగులప్ప తన ముద్దలో ఒక తునక తుంచి ఊరిబిండిలో అద్ది మింగాడు. "సంగటే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎండాకాలం సరే. వానాకాలం ఏం చేస్తావప్పా?"

గోబర్ గ్యాస్ మీద నా దగ్గర మంచి ఉపన్యాసం ఉంది. ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

"పొయ్యి నేను ఊదతా మామా. ఈమె కళ్లల్లోకి పొగ పోనీను."

మామా అన్న మాట నోరు జారింది. వెనక్కి తీసుకోలేదు. "ఈ ఉద్యోగం ఈ పొద్దుతో అయిపాయె. ఇంకోటి ఎతుక్కుంటా" అని కూడా చెప్పేశాను.

గంగులప్ప చూపు నా కంచం మీదికి పోయింది. అప్పటికి నా ముద్ద అయిపోయింది.

"అమ్మా, అబ్బోడి తట్ట ఖాళీగా ఉండాది, సూడు."

అమరావతి ముద్ద తెచ్చింది. నా కంచం పైన చెయ్యి ఆపింది. పెదవి బిగబట్టినా నవ్వు ఆగడం లేదు.

"పొట్టకా, ఆశకా?"

"ఆశకే" అన్నాను, కంచం రెండు చేతులా పైకెత్తి.