రెండో గ్లాసు

పైన ధన్‌మని చప్పుడైంది. కింద గడియారాల షాపులో, పట్టకారు కొసనున్న స్క్రూ ఎగిరి ఎటో పోయింది.

ఆవగింజలో సగముంటుంది ఆ స్క్రూ. ఎక్కడని వెతుకుతాడు? షాపతను కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కోపం అతని ఇంటావంటా లేదు. ఆ రోజు మాత్రం మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

పైన వడ్రంగి మేస్త్రి ఇల్లు. వాళ్ళు అద్దెకు దిగి ఎన్నాళ్ళో కాలేదు. ముందు గది నిండా చెక్కలు, రంపపు పొట్టు, వార్నిష్ వాసన. వంటింట్లో మేస్త్రి కూతురు జాకెట్టు చేతులు పైకి మడిచి, రోట్లో పచ్చటి ముద్దను చెక్క సుత్తితో దంచుతోంది.

“ఏవండీ! మీ ఇంట్లో రోకలి లేదా?”

“ఉంది. నాకు సుత్తే అలవాటు. మీరెవరు?”

“మీ సుత్తి కింద బతుకుతున్నవాణ్ణి.”

ఆమె తల తిప్పింది. చెంప మీద పుదీనా ఆకొకటి అతుక్కుని ఉంది. ఆ ఆకును చూడగానే అతను మూటగట్టుకొచ్చిన మాటల్లో సగం రాలిపోయాయి.

“ఓహో, కింద టిక్‌టిక్ మీరేనా! మీ గడియారం గంటలు కొడుతుంటే మాకు కునుకు లేదు. దానికీ దీనికీ చెల్లు.”

“కొట్టేది ఒక్క గడియారమేనండీ.”

“అది చాలదూ! సరే, వచ్చారుగా. ఇది తాగి చెప్పండి,” అంటూ ఆ ముద్ద కలిపిన గ్లాసు చేతికిచ్చింది.

తాగాడు. దీనికన్నా వేపాకు కషాయం నయం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఎలా ఉంది?”

“బాగుంది.”

“అబద్ధం. మీ ముఖం చూస్తే ఇస్త్రీ చెయ్యాలనిపిస్తోంది.”

ఇద్దరికీ నవ్వాగలేదు.

సంగతేమిటంటే, మేస్త్రికి రంపపు పొట్టు పడి గొంతెండిపోయినప్పుడల్లా బాటిల్ కూల్‌డ్రింకు కావాలి. డాక్టరు అది మానమన్నాడు. మానేశాడు గానీ, మనిషి నిప్పు తొక్కిన కోతి అయ్యాడు. కూతురు చూసి చూసి సవాలు విసిరింది. ‘పుదీనా, నిమ్మకాయ వేసి ఇంట్లోనే చేసిస్తాను. రెండో గ్లాసు నువ్వే అడుగుతావు నాన్నా.’ మేస్త్రి మాట పొదుపు మనిషి. ‘అడక్కపోతే మళ్ళీ బాటిలే’ అన్నాడు. అంతే.

“ఇన్నేళ్ళ కాపురంలో నా చేతి కూరే రెండోసారి అడగలేదు ఆయన,” అంది తల్లి గడప దగ్గర నిలబడి. “నీ ఆకు నీళ్ళు అడుగుతారా?”

“అడుగుతారు పిన్నిగారూ,” అన్నాడు షాపతను. ఎందుకన్నాడో అతనికే తెలీదు.

ఆ మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి షాపు షట్టరు ముందే దిగేది. రుచి చూడ్డానికి మనిషి కావాలి కదా.

ఒకరోజు అతనే చేస్తానన్నాడు. పట్టకారుతో ఒక్కో ఆకూ తుంచాడు. ఒక్కో ఆకూ కడిగాడు. నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు గ్లాసులోకి దించాడు.

ఆమె తాగి చూసింది. “పుదీనా మీ గ్లాసు పక్కనుంచి నడిచి వెళ్ళినట్టుంది. అంతే.”

“మీరు చంపేస్తున్నారు. నేను బతికించాను.”

“బతికిస్తే రుచెక్కడిది? చంపితే చేదు. ఇదెక్కడి గొడవ!”

అతను ఇంకో ఆకు అరచేతిలో పెట్టుకుని వెలుతురుకేసి చూస్తున్నాడు. ఎంతకీ చూపు తిప్పడు.

“అబ్బ! ఇలా చూస్తూ కూర్చుంటే వేళ్ళు మొలుస్తాయి దానికి,” అంటూ ఆమె తన అరచేత్తో అతని అరచేతి మీద ఫట్‌మని కొట్టింది.

ఆకు రెండు చేతుల మధ్యా నలిగీ నలగనట్టు నలిగింది. గుప్పుమంది వాసన. వంటిల్లు నిండింది, ముందు గదిలో వార్నిష్ వాసన కూడా వెనకడుగు వేసింది.

“ఇదే!” అందామె.

“ఇదే!” అన్నాడతను.

ఇద్దరూ చెయ్యి తియ్యలేదు. ముందు ఎవరు తీస్తారోనని ఇద్దరూ చూశారు. చివరికి గడప దగ్గర తల్లి దగ్గింది.

ఆ రోజుతో ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. చేసే పద్ధతి కూడా కుదిరింది. ఆకు చేతుల మధ్య ఒక్క చరుపు. నిమ్మకాయ ముక్కలు తొక్క చేదు దిగకుండా మెల్లగా పిండాలి. చెంచాడు తేనె, చిటికెడు ఉప్పు, గ్లాసు నిండా ఐసు. చివర్లో సోడా, అంచు వెంట. తర్వాత దాన్ని కదపకూడదు. కదిపితే సోడా పొంగిపోతుంది.

“ఆదివారం మామయ్య సంబంధం తెస్తున్నాడు,” అందామె ఒక సాయంత్రం, నిమ్మకాయ కోస్తూ.

అతని చేతిలో ఐసు జారి నేల మీద పడింది.

“ఐసు సంగతి సరే. నువ్వేమంటావు?”

“నేనా... అంటే... నాకు...”

“టిక్‌టిక్, నీకు కీ ఇవ్వాలా? శనివారం నాన్నకి గ్లాసు నువ్వే ఇవ్వు. రెండోది అడిగాడా, మనసు బాగున్నట్టు. అప్పుడు అడిగెయ్.”

“అడక్కపోతే?”

“ఆదివారం వస్తుంది మరి. ఆగమంటే ఆగుతుందా?”

అతను రోజంతా గడియారాలకే ఆ మాట అప్పజెప్పాడు. మేస్త్రిగారూ, మీ అమ్మాయిని నాకివ్వండి. గోడ గడియారానికి చెప్పాడు. చేతి గడియారాలకు చెప్పాడు. అవేవీ కాదనలేదు.

శనివారం మేస్త్రి ముందు గదిలో బల్లకు ఆఖరి పాలిష్ పెడుతున్నాడు. అద్దంలా ఉంది బల్ల. ముఖం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు.

వంటింట్లో ఆమె అన్నీ గాజు జాడీలో వేసింది. సోడా పోసింది. పొట్టు ఎగిరి పడకుండా మూత పెట్టింది. “తీసుకెళ్ళి గ్లాసులో పొయ్యి. కదపకు. గుర్తుందిగా?”

గుర్తుంది. బల్ల దగ్గరికి వెళ్ళేవరకూ గుర్తుంది. మేస్త్రి తలెత్తి “ఏంటి?” అన్నాడు. అంతే, గుర్తున్నదంతా గాలికి పోయింది.

గడియారం బాగుచేశాక మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని, ఊపి వినడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. మనసు వేరే చోట ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. జాడీ మూత గట్టిగా బిగించాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఊపాడు. విన్నాడు.

“ఒద్దూ!” అని ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“తియ్యి,” అన్నాడు మేస్త్రి.

తీశాడు.

ఫెడేల్‌మంది. సోడా పైకప్పును తాకింది. పుదీనా ఆకులు మేస్త్రి మీసం మీద వాలాయి. నిమ్మరసం పచ్చి పాలిష్ మీద చినుకు చినుకుగా పడి, పడ్డ చోటల్లా తెల్ల మచ్చ తేలింది.

ఏదో ఒకటి అనాలి. అతని నోట్లో ఒకే మాట ఉంది. అదే బయటపడింది.

“మేస్త్రిగారూ, మీ అమ్మాయిని నాకివ్వండి.”

“ఓరి నాయనో!” అంది తల్లి. “బల్ల తగలేసి పిల్లనడుగుతున్నాడు!”

కూతురు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాత్రం చూస్తూనే ఉంది.

మేస్త్రి నాలుక బయటికొచ్చింది. మీసం ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తుడిచి లోపలికెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు.

“మీసానికెందుకు పోశావు? గ్లాసులో పొయ్యి.”

జాడీలో మిగిలింది ఒక్క గ్లాసుకే సరిపోయింది. మేస్త్రి ఎత్తిన గ్లాసు దించకుండా తాగాడు. గొంతులో గుటక దిగడం అందరికీ వినపడింది. గ్లాసు కింద పెట్టి, వేలితో మచ్చ రుద్దాడు. పోలేదు.

“ఎవరు చేశారిది?”

“ఇద్దరం,” అన్నారు ఇద్దరూ.

మేస్త్రి ఖాళీ గ్లాసును ముందుకు తోశాడు.

“ఇంకోటి.”

తల్లి చేతిలో గరిటె జారి గణగణా మోగింది. కూతురు అక్కడే ఒక గెంతు గెంతి వంటింట్లోంచి పుదీనా కట్ట, నిమ్మకాయ, సోడా, ఐసు అన్నీ చేతుల నిండా పట్టుకొచ్చింది. తొందరలో ఎక్కడున్నదీ, ఎవరి ముందున్నదీ మర్చిపోయింది. అతని అరచేతిలో ఆకు పెట్టింది. తన చెయ్యి దాని మీద ఫట్‌మని వేసింది. అలవాటు ప్రకారం ఇద్దరూ చేతులు తియ్యలేదు.

మేస్త్రి చూశాడు.

“వారం నుంచి ఇలాగేనా చేస్తున్నారు?”

రెండు చేతులూ నిప్పు తగిలినట్టు విడిపోయాయి. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు కనపడకుండా.

రెండో గ్లాసు మేస్త్రి మెల్లగా తాగాడు. కిటికీ అవతల సన్నగా చినుకు మొదలైంది. ఐసు ముక్క నములుతూ బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు.

“మచ్చలు పడ్డ బల్ల ఎవడికిస్తాను?” అన్నాడు. “మీ ఇద్దరి ఇంట్లో వేసుకోండి.”

ఆయన నోట అంత పొడుగు మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. అర్థం కావడానికి అందరికీ కాస్త టైము పట్టింది. ముందు కూతురికి అర్థమైంది. ‘నాన్నా!’ అంటూ పాలిష్ చేతుల మనిషిని వాటేసుకుంది.

“రేపు మా తమ్ముడు సంబంధం పట్టుకొస్తున్నాడే!” అంది తల్లి.

“రానీ. ఓ గ్లాసు తాగి వెళ్తాడు.”

“పిన్నిగారూ, నన్ను క్షమించాలి. బల్ల...” అన్నాడు షాపతను.

“ఇంకా పిన్నిగారేంటయ్యా? అత్తయ్యా అను.”

అతను మెట్లు దిగేటప్పుడు కూతురు వెనకాలే వచ్చింది. వాన జల్లు వాకిట్లోకి కొడుతోంది.

“ఒకటడుగుతాను. నిజం చెప్పాలి. జాడీ చెవి దగ్గర పెట్టుకుని అంతసేపు ఏం విన్నావు?”

“నా గుండె చప్పుడే వినపడింది.”

“నడుస్తోందా?”

“కొంచెం ఫాస్టు.”

“బాగుచెయ్యకు,” అందామె.